పది ఆదివారాల నాడి

మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు పక్కన కొత్తగా కట్టిన నర్సింగ్ కాలేజీకి పోయిన నెలలో వెళ్లాను. పిలిచారు కాబట్టి వెళ్లాను. సిటీలో ఇన్నేళ్లు నర్సు పిల్లలకు పాఠాలు చెప్పి, ఇక చాలనుకుని ఉద్యోగం వదిలేసి, మా ఊరు సురంగల్‌లో మా బాపు దగ్గరికి వచ్చి ఉంటున్న మనిషిని నేను. ఊరికే కూర్చున్న మనిషిని చూస్తే లోకానికి పడదు, ఎవరో ఒకరు ఏదో ఒక పని చెప్తారు. ఈసారి చెప్పిన పని, ఆ కాలేజీ వాళ్లు కొత్తగా తెచ్చిన కంప్యూటర్ పాఠాలు చూసి ఎలా ఉన్నాయో చెప్పడం. ఆ పాఠాలు తయారుచేసిన అమ్మాయి పేరు శిరీష. గుంటూరు వైపు వాళ్లు. తండ్రి ఉద్యోగం మీద వచ్చి ఇటువైపే ఇల్లు కట్టుకున్నాడట. "మేడమ్, మొహమాటం లేకుండా చెప్పండి. బాగోకపోతే బాగోలేదనే అనండి" అంది. నాకు మొహమాటం ఎక్కువని ఇప్పటిదాకా ఎవరూ అనలేదమ్మా అన్నాను. నవ్వి, నన్ను గదిలోకి తీసుకెళ్లింది.

పైకి సరదాగా మాట్లాడినా, నేను మనసులో తప్పులు వెతకడానికే సిద్ధపడి వెళ్లాను. కంప్యూటర్ ముందు కూర్చుని నర్సు కావడమేమిటి అని అనడం నా వయసు వాళ్లందరికీ అలవాటైన మాట. గదిలో వరసగా కంప్యూటర్లు, ఒక్కో దాని పక్కన మోచేతి దాకా ఉన్న ఒక రబ్బరు చెయ్యి. ఆ చేతి నుంచి కంప్యూటర్‌కు ఒక వైరు. కొండకల్ నుంచి వచ్చే మౌనిక అనే పిల్ల నాకు చూపించడానికి కూర్చుంది. తెర మీద నులక మంచం, మంచం మీద ఒక ముసలామె. మౌనిక రబ్బరు చేతి మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ నాడి లెక్కపెడుతోంది. తెర మీది ముసలామె మాత్రం ఊరుకోదు. బిడ్డా నీదే ఊరు, మీ అమ్మ ఏం జేస్తది అని అడుగుతూనే ఉంది. "కావాలనే అలా పెట్టాం మేడమ్. నిజం పేషెంట్లు మాట్లాడకుండా ఉంటారా ఏంటి" అంది శిరీష. నిమిషం అయ్యాక మౌనిక అంకె కొట్టి, దాని కింద తెలుగులో రాసింది: ఒక తీరుగ లేదు, నడుమ నడుమ ఆగుతున్నది. తెర మీద ఎర్ర అక్షరాలేవీ రాలేదు. ఇప్పుడు ఏం చేస్తావు అని మాత్రం అడిగింది. పెద్ద సిస్టర్‌కు చెప్తాను అన్న చోట మౌనిక నొక్కింది. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"లెక్క నువ్వే తప్పు పెట్టినవేమో అని నీకు అనిపించలేదా?" అని అడిగాను.

ఆ పిల్ల నా వైపు కాస్త వింతగా చూసింది. "ఎందుకు మేడమ్? చెయ్యే అట్ల కొడ్తున్నది గద."

కళ్లజోడు తుడుచుకోవాలని చెప్పి నేను వరండాలోకి వచ్చేశాను. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. శిరీష మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, పాఠం నచ్చలేదా మేడమ్ అని అడిగింది. నచ్చింది, చాలా నచ్చింది అన్నాను. అంతకు మించి ఆమెకు చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను.

మేం చదువుకున్న నర్సింగ్ స్కూలు కూడా ఈ రోడ్డు మీదే ఉండేది. ఇప్పుడు ఆ చోట ఒక ఫంక్షన్ హాలు ఉంది. రేకుల వరండా, వెనక హాస్టల్, పక్కన చిన్న దవాఖాన. మేం చేరిన ఏడాదే ఎవరో దాతలు ఎనిమిది కంప్యూటర్లు ఇచ్చారు. అప్పటికి మాలో ఒక్కరు కూడా కంప్యూటర్‌ను ముట్టుకున్నవాళ్లు కాదు. అవి వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి, ఒక్కో తెరకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాం. ఆ కుంకుమ రాలి ఒక కీబోర్డులో పడి ఇరుక్కుంది, ఆ ఏడాదంతా దాని మీద ఐదు అంకె గట్టిగా నొక్కితే తప్ప పడేది కాదు. స్కూలు మొత్తంలో ఏసీ ఉన్నది ఆ గదికే. చెప్పులు బయట విప్పి, కాళ్లు కడుక్కుని, తలుపు సందులోంచి చలి పోకుండా ఒక్కొక్కరం గబుక్కున లోపలికి దూరాలి. కంప్యూటర్లకు ఆపరేషన్ థియేటర్ పచ్చ గుడ్డతో ముసుగులు కుట్టింది మేమే. పొద్దున ఆ ముసుగులు తీసేటప్పుడు ఫినాయిలు, కొత్త ప్లాస్టిక్కు కలిసిన ఒక వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త ఫ్రిజ్ తలుపు తెరిస్తే ఆ వాసన తగిలి, నాకు నా పంతొమ్మిదేళ్లు గుర్తొస్తాయి.

పాఠాలు సీడీల్లో ఉండేవి, అన్నీ ఇంగ్లీషులో. నాడి పాఠంలో ఒక తెల్లతోలు మనిషి మంచం మీద పడుకుని ఉండేవాడు. పెద్ద మీసం. మూలగడు, అటూ ఇటూ దొర్లడు, నీళ్లడగడు. ఇంత మంచి పేషెంటు ప్రపంచంలో ఉండడని మా వాళ్లు వాడికి బావ అని పేరు పెట్టారు. బావ మణికట్టు మీద ఒక ఎర్ర చుక్క కొట్టుకునేది, దాంతో పాటు టిక్ టిక్ అని చప్పుడు. పక్కన గడియారం ముల్లు తిరిగేది. నిమిషం లెక్కపెట్టి అంకె కొట్టాలి. సరిపోతే తెర పచ్చగా వెలిగి బావ నవ్వేవాడు. సరిపోకపోతే ఎర్ర అక్షరాలు వచ్చేవి, తప్పు, మళ్లీ లెక్కపెట్టు అని. బావ నాడి ఒకసారి డెబ్బై రెండు, ఒకసారి అరవై ఎనిమిది, ఒకసారి ఎనభై. అంకె మారేది కానీ కొట్టుకోవడం మాత్రం ఎప్పుడూ ఒకే తీరుగా ఉండేది. తేడా వచ్చిందంటే ఆ తేడా మనదే. మూడుసార్లు ఎర్ర అక్షరాలు వస్తే మార్కులు తగ్గేవి, ఆ మార్కుల కాగితం శనివారం నోటీసు బోర్డు మీద అంటించేవాళ్లు.

నేను తెలుగు బడి నుంచి వచ్చినదాన్ని. ఎర్ర అక్షరాలంటే నాకు వణుకు. చిన్నప్పుడు పంతులు బెత్తానికి కూడా అంత భయపడలేదు. బెత్తం కనీసం ఎందుకు కొట్టిందో చెప్పేది. ఈ యంత్రం కోప్పడదు, అరవదు, నువ్వు తప్పు అని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. దాంతో నేను మొండిగా కూర్చుని, మళ్లీ మళ్లీ లెక్కపెట్టి, నెల తిరక్కుండానే అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాను. నోటీసు బోర్డు మీద నా పేరు పైన ఉన్న రోజు ఆ విషయం ఇంట్లో చెప్పుకోవాలని బస్సులో కూర్చోలేక నిలబడే వెళ్లాను. మా చదువులో ఏం తేడా ఉందో అప్పుడు ఎవరికీ తెలియదు, నాకైతే అసలే తెలియదు. తేడా వస్తే తప్పు నా వేళ్లదే అని ఆ గది నాకు నేర్పింది. నేను బాగా నేర్చుకునే పిల్లను కాబట్టి అది కూడా బాగానే నేర్చుకున్నాను.

శనివారం సాయంత్రం ఇంటికి వస్తే ఇల్లంతా కొత్తిమీర వాసన. బాపుకు ఉన్న ఎకరంన్నరలో ఆకుకూరలే పండించేవాడు. పాలకూర, మెంతికూర, కొత్తిమీర కోసి, తడిపిన జనపనారతో కట్టలు కట్టి, తడి గోనె సంచుల కింద ముందరి గదిలో పరిచేవాడు. తెల్లారకముందే అవి మార్కెట్‌కు పోవాలి. మేం వాటి మధ్య దారి చేసుకుని నడిచేవాళ్లం, వాటి పక్కనే తినేవాళ్లం. అమ్మ జొన్నరొట్టె చేతుల మధ్య తట్టే చప్పుడు వాకిట్లోకి వినిపించేది. ఆదివారం మాత్రం పొయ్యి అవ్వది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లాకు కలిపి, గిన్నెకు సర్వపిండి అద్ది, వేలితో బొక్కలు పొడిచి నూనె పోసేది. ఆ బొక్కలు మేం ఎవరం పొడిచినా ఒప్పుకునేది కాదు. తిన్నాక అరచేతిలో పొగాకు నలుపుకుని, చిటికెడు దవడన పెట్టుకుని, గోడకు వీపు ఆనించి కాళ్లు చాపుకునేది. అది ఆమె దర్బారు. ఊళ్లో ఎవరి బర్రె ఈనింది, ఎవరి కోడలు అలిగింది, అన్నీ ఆ గోడ దగ్గరికే వచ్చేవి. అవ్వంటే మా బాపు తల్లి. చదువుకోలేదు. కానీ నన్ను నర్సు చదువుకు పంపాలా వద్దా అని ఇంట్లో మాట వచ్చినప్పుడు, పోరి పోతది, అంతే, అని తేల్చేసింది ఆమే.

రెండో ఏడాదిలో మాకు ఇంటి రికార్డు అని ఒక పుస్తకం ఇచ్చారు. ఇంట్లో అరవై దాటిన ఒక మనిషిని పది ఆదివారాలు చూసి, నాడి, ఊపిరి, జ్వరం రాసుకురావాలి. దాని మార్కులు పెద్ద పరీక్షలో కలుస్తాయి. నాకు వేరే మనిషిని వెతకాల్సిన పని లేకపోయింది. అవ్వకు సంగతి చెప్పగానే దర్బారు గోడ దగ్గర చాప పరుచుకుని, చెయ్యి చాపి సిద్ధంగా కూర్చుంది. "నా మనవరాలు వారానికోపారి నా చెయ్యి పట్టుకోనీకె హాస్టల్ నుంచి వస్తది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. సెకన్ల ముల్లు ఉన్న గడియారం నా దగ్గర లేదు. బాపు తన చేతి గడియారం విప్పి ఇచ్చి, నాకు ఎదురుగా పీట మీద కూర్చునేవాడు. అవ్వ మణికట్టుకు వెండి కడెం. దాన్ని పైకి తోసి చూస్తే, సరిగ్గా నాడి దొరికే చోట పచ్చబొట్టు తేలు. ఆ తేలు మీద నా మూడు వేళ్లు పెట్టేదాన్ని. అవ్వ దగ్గర పొగాకు, ఆముదం, పొయ్యి పొగ, మూడూ కలిసిన వాసన. కంప్యూటర్ గదిలో బావ దగ్గర ఏ వాసనా ఉండేది కాదు.

మొదటి ఆదివారమే లెక్క కుదరలేదు. రెండు గబగబా కొట్టి, ఒకటి ఆగి, మూడు కొట్టి, ఒకటి చేతిదాకా రాకుండానే పోయి, మళ్లీ గబగబా. నేను అరవై దగ్గర తప్పిపోయి మొదటికొచ్చాను. రెండోసారి ఎనభై ఎనిమిది వచ్చింది. మూడోసారి అరవై నాలుగు. ఒక మనిషికి ఐదు నిమిషాల్లో రెండు అంకెలు ఎలా వస్తాయి? నా కళ్ల ముందు ఎర్ర అక్షరాలు కనిపించాయి. నాడి తప్పడం గురించి పుస్తకంలో ఒక పేరా ఉంది, అది చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది మా అవ్వ చేతిలో ఉంటుందని అనుకోలేదు. పేరాలు వేరు, అవ్వ వేరు.

"ఏమైంది బిడ్డ, గట్ల మొఖం పెట్టినవ్?" అంది అవ్వ.

"లెక్క తప్పొస్తున్నది అవ్వా."

"తప్పొస్తే ఏమైతది?"

"మార్కులు పోతయ్. కంప్యూటరైతే అస్సలు ఒప్పుకోదు, ఎర్రగ చూపిస్తది."

అవ్వ తన చేతి వైపు, నా వైపు చూసి, కడెం కిందికి జరుపుకుంది. నేను ఆ వారం డెబ్బై రెండు అని రాశాను. రాసేటప్పుడు అబద్ధం రాస్తున్నాననే అనిపించలేదు. సరైన జవాబు అదే, నా వేళ్లకు ఇంకా పట్టు దొరకలేదు అనుకున్నాను.

తర్వాతి వారం నుంచి అవ్వకు ముచ్చట ఎక్కువైంది. నేను వేళ్లు పెట్టానో లేదో మొదలుపెట్టేది. ఒకటి అయిపోతే ఇంకొకటి, దానికి తోక ఇంకొకటి. నేను లోపల ఇరవై ఒకటి, ఇరవై రెండు అనుకుంటుంటే పైన ఆమె గొంతు నడిచేది. లెక్క తప్పేది. నాకు చిరాకు వచ్చేది. ఇంత వయసొచ్చింది, ఒక్క నిమిషం నోరు మూసుకోలేదా అని మనసులో అనుకునేదాన్ని, ఒకటి రెండుసార్లు పైకి కూడా అన్నాను. "అవ్వా, జర ముచ్చట ఆపు. నీతోనే నాకు లెక్క తప్పుతున్నది." ఆమె సరే బిడ్డ అనేది, మూడు సెకన్లు ఆగేది, మళ్లీ షురూ. అలా తప్పిన లెక్కకు కారణం దొరికింది. అవ్వ ముచ్చట వల్లే కుదరడం లేదని తేలిపోయాక నాకు మనసు తేలికైంది. డెబ్బై, డెబ్బై నాలుగు, డెబ్బై రెండు. ప్రతి వారం ఒకే అంకె ఉంటే ట్యూటర్ మేడమ్‌కు అనుమానం వస్తుందని కొంచెం అటూ ఇటూ మార్చి రాసేంత తెలివి మాత్రం నాకుంది. మేడమ్ ప్రతి పేజీ కింద సంతకం పెట్టింది. చేతిరాత బాగుందని కూడా అంది.

తొమ్మిదో ఆదివారం, అవ్వ మడి దగ్గర నుంచి నడిచొచ్చి గడప మీద కూలబడి ఆయాసపడుతుంటే చూశాను. గుండెల్లో ఏమన్న గాబరైతున్నదా అవ్వా అని అడిగాను. "ఎండకొచ్చిన గద బిడ్డ. ఏం లేదు. నీ పరీక్ష ఎన్నడు?" అని నన్నే అడిగింది. ఇంకా నెల ఉంది అన్నాను. నెలనా అని, కాసేపు కొంగుతో విసురుకుంది. బాపు గోనె సంచులు తడుపుతూ మా వైపు చూశాడు. నాకు అదంతా గుర్తుంది, కానీ అప్పుడు ఏదీ పట్టించుకోలేదు.

ఆ వారంలోనే, బుధవారం పొద్దున, కంప్యూటర్ గదిలో ఉన్నాను. వాచ్‌మన్ వచ్చి మీ బాపు గేటు దగ్గర ఉన్నాడు అన్నాడు. అనపకాయలు వలుస్తుండగా అవ్వ కుడి చెయ్యి జారిపోయింది, మూతి పక్కకు పోయింది. చేవెళ్ల దవాఖానకు, అక్కడి నుంచి సిటీకి. సిటీలో చూసిన డాక్టర్ చిన్నవాడే. అవ్వ ఎడమ మణికట్టు మీద వేళ్లు పెట్టి, పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. నిమిషం కూడా కాలేదు. గుండె ఒక తీరుగా కొట్టుకోవడం లేదు, అక్కడ గడ్డ కట్టిన రక్తం తలలోకి పోయింది అన్నాడు. ఇది ఎప్పటి నుంచి ఉంది, ఇంట్లో ఎవరూ గమనించలేదా అని అడిగాడు. నేను నర్సు విద్యార్థుల తెల్ల బట్టల్లో, నీలం బెల్టుతో అక్కడే నిలబడి ఉన్నాను. బాపే చెప్పాడు. "మా బిడ్డ నర్సు చదువుతున్నది సార్. వారం వారం చెయ్యి పట్టి చూసింది. ఏం లేకుండె." డాక్టర్ నన్ను ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా రాసుకున్నాడు.

పదో ఆదివారం దవాఖాన మంచం పక్కన వచ్చింది. అవ్వకు మాట పోయింది. చూస్తుంది, గుర్తుపడుతుంది, మాట రాదు. ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని మొదటిసారి ఏ ఆటంకమూ లేకుండా నిమిషం నిండా లెక్కపెట్టాను. తొంభై నాలుగు, ఎగుడుదిగుడుగా, ఆగుతూ. తొమ్మిది వారాలు నా వేళ్ల కింద ఉన్నది ఇదే. వేళ్లు నాకు నిజమే చెప్పాయి. నేను వాటి మాట వినలేదు. ఆ సాయంత్రం రికార్డు పుస్తకం తీసి, పదో గడిలో డెబ్బై రెండు అని రాశాను. తొంభై నాలుగు అని రాస్తే ముందరి తొమ్మిది సంగతేమిటని అడుగుతారు. నా రికార్డుకు ఆ ఏడాది అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి.

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు అవ్వ అదే గోడకు ఆనుకుని కూర్చుంది. నేను శనివారం రావడం, ఆమెకు తల దువ్వడం, అన్నం మెత్తగా పిసికి తినిపించడం. మందులు వేసేటప్పుడు చెయ్యి పట్టుకునేదాన్ని. ఎంత నిశ్శబ్దం కావాలంటే అంత నిశ్శబ్దం. ఒక్క మాట మాట్లాడు అవ్వా, లెక్క తప్పితే తప్పనీ అని లోపల బతిమాలుకునేదాన్ని. ఆమె నా మొహం చూసి, బాగున్న ఎడమ చేత్తో నా చెంప తట్టేది. నా మీద కోపం లేదన్నట్టు ఉండేది. కోపం ఉండడానికి ఆమెకు ఏం తెలుసని అనుకునేదాన్ని.

నేను టీచర్‌నయ్యాక ఎర్ర ఇంకు పెన్ను ముట్టుకోలేదు. పిల్లల రికార్డులు నీలం ఇంకుతోనే దిద్దాను. అది నా చాదస్తమని చెప్పుకునేవాళ్లు. లెక్కపెట్టినప్పుడు ఎంత వస్తే అంత రాయండి, నా మొహం చూసి రాయకండి అని ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో. ఎందుకలా అంటానో మాత్రం ఎవరికీ చెప్పలేదు. కంప్యూటర్ పాఠాలు వద్దని మీటింగుల్లో కొట్లాడాను కూడా. చాలాకాలం ఆ ఎనిమిది కంప్యూటర్ల మీదే నేరం మోపి బతికాను. వాటికి తెలిసింది అంతే, బావ అనే ఒక్క మనిషి. ఊళ్లో అవ్వలుంటారని, వాళ్ల గుండెలు తడబడతాయని వాటికి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఎవరో చెప్పారు. మౌనిక ముందున్న తెరకు తెలుసు. అందరూ పాత రోజులు తిరిగి రావాలని కోరుకుంటారు. నాకు ఆ రోజు వరండాలో నిలబడి కలిగిన కోరిక వేరు. ఈ కొత్త గది, ఈ రబ్బరు చెయ్యి, ఈ మాట్లాడే ముసలామె, మొత్తం ఎత్తుకుని పోయి మా రేకుల స్కూల్లో పెట్టి రావాలనిపించింది. ఒక్క రోజు చాలు. మొదటి ఆదివారానికి ముందు రోజు.

ఆ సాయంత్రమే బాపుకు చెప్పాలనుకున్నాను. ఆయన ఇప్పటికీ ఊరికే కూర్చోడు. ఎకరంన్నరలో మిగిలింది కొంతే, చుట్టూ ఫామ్‌హౌజుల ప్రహరీలు లేచాయి, అయినా మిగిలిన నాలుగు మళ్లలో మెంతికూర వేస్తాడు. వాకిట్లో కుర్చీ వేసుకుని కట్టలు కడుతున్నాడు. నేను పక్కన కూర్చుని, కాసేపు నారలు అందించి, మొత్తం చెప్పేశాను. తప్పిన లెక్కలు, డెబ్బై రెండు, డాక్టర్ ముందు నోరు మూసుకోవడం, పదో గడి. ఇన్నేళ్లలో ఊళ్లో ఎవరు అవ్వ మాట ఎత్తినా, నా బిడ్డ వారం వారం చూసింది, ఏం లేకుండె, అట్ల రాసి పెట్టి ఉన్నది అనేవాడు బాపు. అది విన్న ప్రతిసారీ నేను లోపలికి వెళ్లిపోయేదాన్ని. ఆ మాట కూడా చెప్పాను.

బాపు చేతిలో కట్ట కట్టడం పూర్తి చేసి కింద పెట్టాడు.

"నాకు తెల్సు బిడ్డ" అన్నాడు.

"ఏం తెల్సు?"

"అవ్వకు గుండెల గాబరా ఉన్నదని. నువ్వు చూసుడు షురూ జేసిన రెండో వారమే నాతోని చెప్పింది. నా చెయ్యి సక్కగ కొడ్తలేదురా, నాది తప్పొస్తే పోరి మార్కులు పోతయట, దాని పరీక్ష అయినంక దవాఖానకు పోదాం, అప్పటిదాంక దానితోని అనకు అన్నది. నేను ఊకున్న. పది వారాలే గద అనుకున్న." కింద రాలిన ఆకు ఏరాడు. "నువ్వు లెక్కపెట్టేటప్పుడు ముచ్చట పెట్టేది గందుకే. లెక్క తప్పితే ముచ్చట మీదికి పోతది, చెయ్యి మీదికి రాదు అన్నది."

మెంతికూర వాసన ముక్కుకు గట్టిగా తగులుతోంది. "మరి డాక్టర్ అడిగినప్పుడు నా పేరెందుకు చెప్పినవ్?"

"ఎవ్వలకు తెల్వది అంటే, నువ్వెక్కడున్నవయ్యా అని నన్ను అడుగుతడు గద. నర్సు బిడ్డ చూసింది అంటే ఇంకెవ్వలను అడగరు. నా తప్పు నీ ఎనుక దాసుకున్న. గప్పటి నుంచి గదే మాట అంటున్న."

ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే తప్పును చెరో వైపు నుంచి దాచుకుంటూ ఇన్నేళ్లు గడిపాం. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. బాపు నా వీపు మీద చెయ్యి వేశాడు, ఆ చేతికి మెంతి మట్టి అంటుకుని ఉంది. నేను ఏడ్చింది ఆయన దాచినందుకు కాదు. నేను రాసిన డెబ్బై రెండ్ల కోసం కూడా కాదు. ఎనిమిది ఆదివారాలు మా అవ్వ నా కోసం, నా మార్కుల కోసం, తడబడే గుండె పెట్టుకుని ఆపకుండా మాట్లాడింది. ఆ తర్వాత ఆమెకు మాటే లేకుండా పోయింది. ఆమె నాతో మాట్లాడిన చివరి మాటలు అవే. నేను వాటిలో ఒక్కటీ వినలేదు. ఇరవై ఒకటి, ఇరవై రెండు అనుకుంటూ కూర్చున్నాను. ఎవరి బర్రె గురించో, ఎవరి కోడలి గురించో, నా చిన్నతనం గురించో, ఏం చెప్పిందో ఎంత తవ్వుకున్నా నాకు గుర్తురావడం లేదు.

బాపు ఎదురుగా పీట మీదే ఉండేవాడు కదా అని అప్పుడు తట్టింది. కళ్లు తుడుచుకుని, ఆశగా అడిగాను.

"బాపు, అవ్వ ఆ వారాలన్ని ఏం ముచ్చట్లు చెప్పేది? నీకన్న యాదికున్నయా?"

బాపు నార చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టాడు.

"నేను గూడ ఇనలే బిడ్డ" అన్నాడు. "నువ్వు యాడ కనిపెడ్తవో అని నీ మొఖమే చూసుకుంట కూసున్న."